వాగ్దాన దేశం పంపకం: పట్టా ఎవరిది, పొజిషన్ ఎవరిది?

తెలుగు బైబిలు చివరి పేజీల్లో ఉండే రంగుల పటం చాలామంది చూసే ఉంటారు. యొర్దాను నదికి అటూ ఇటూ పచ్చ, పసుపు, గులాబీ రంగుల ముక్కలు, ఒక్కో ముక్క మీద ఒక్కో గోత్రం పేరు. ఇజ్రాయెల్, పాలస్తీనా వార్తల్లోకి ఎక్కినప్పుడల్లా ఈ పటం వాట్సాప్‌లో తిరుగుతుంది. ఎవరి వాటా ఎంతో మూడు వేల ఏళ్ల కిందటే రాసిపెట్టారని ఒకరంటారు. అదంతా తర్వాతెప్పుడో అల్లుకున్న కథ అని ఇంకొకరంటారు. ఇద్దరి చేతుల్లోనూ అదే పటం.

దానికి మూలం బైబిల్లోని యెహోషువ గ్రంథం 13 నుంచి 21 వరకు అధ్యాయాలు. దేవుడు ఇస్తానని మాట ఇచ్చిన కనాను దేశాన్ని ఇశ్రాయేలు గోత్రాలు పంచుకున్న కథ అది. ఊళ్ల పేర్లు వరసగా వస్తాయి కాబట్టి ఈ భాగాన్ని చాలామంది గబగబా దాటేస్తారు. ఓపిగ్గా చదివితే మాత్రం పటంలో కనిపించే తేటదనం కాసేపు కూడా నిలవదు. ఒకే ఊరు రెండు గోత్రాల ఖాతాలో ఉంటుంది. ఒక గోత్రానికి వాటా ఇంకో గోత్రం వాటా నడిమధ్యలో ఉంటుంది. దేశమంతా స్వాధీనమైందని ఒక అధ్యాయం, స్వాధీనం కావలసింది ఇంకా చాలా ఉందని మరో అధ్యాయం చెబుతాయి.

మన ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లకు ఈ చిక్కు కొత్తేమీ కాదు. పట్టా ఒకరి పేరున ఉంటుంది, పొజిషన్‌లో ఇంకొకరుంటారు. ఈ అధ్యాయాల్లో ఎక్కువ భాగం పట్టాలే. మధ్యమధ్యలో ఒక్కో వాక్యం మాత్రం నేల మీద ఎవరున్నారో చెబుతుంది. ఆ రెంటినీ విడదీసి చదివితే వైరుధ్యాల్లో సగం అక్కడే తేలిపోతాయి. మిగతా సగానికి కారణాలు వేరు.

పన్నెండు లెక్క ఎలా కుదిరింది

ఇశ్రాయేలీయుల మూలపురుషుడు యాకోబుకు పన్నెండుమంది కొడుకులు. లేయాకు రూబేను, షిమ్యోను, లేవి, యూదా, ఇశ్శాఖారు, జెబూలూను. రాహేలుకు యోసేపు, బెన్యామీను. దాసీలైన బిల్హాకు దాను, నఫ్తాలి. జిల్పాకు గాదు, ఆషేరు. పన్నెండుమందికి పన్నెండు వాటాలు అనుకుంటాం కానీ, పంచింది అలా కాదు.

లేవి గోత్రానికి భూమి వాటా లేదు. వాళ్ల పని ఆరాధన జరిగే గుడారంలో సేవ, బతుకుతెరువు మిగతావాళ్లిచ్చే దశమభాగం. అంటే పదకొండు. యాకోబు చనిపోయే ముందు యోసేపు కొడుకులు ఎఫ్రాయిము, మనష్షేలను తన సొంత కొడుకుల వరసలో చేర్చుకున్నాడు. దాంతో యోసేపు పేరున ఒక వాటా పోయి రెండు వాటాలొచ్చాయి. మళ్లీ పన్నెండు.

పటం మీద మాత్రం పన్నెండు ముక్కలు కనిపించవు. మనష్షేలో సగం యొర్దానుకు తూర్పున, సగం పడమర ఉండిపోయింది. దాను గోత్రానికి మధ్యధరా తీరం వైపు ఒక ముక్క, ఉత్తరాన దేశం కొసన మరో ముక్క. షిమ్యోనుకు సొంత హద్దే లేదు, యూదా లోపలున్న కొన్ని ఊళ్లే దాని వాటా. అచ్చుపటాల్లో దానికి ఒక రంగు పూసి గుండ్రంగా గీత గీస్తారు గానీ, ఆ గీత గ్రంథంలో ఎక్కడా లేదు.

ఒక్క రోజులో జరిగిన పంపకం కాదు

మొదట తెగింది తూర్పు వైపు. రూబేను, గాదు గోత్రాలవాళ్లకు పశువులు విస్తారం. సీహోను, ఓగు అనే రాజుల దగ్గర గెలిచిన గిలాదు, బాషాను ప్రాంతాలు మేతకు బాగున్నాయి. నది దాటకుండా ఇక్కడే ఉంటామని వాళ్లు అడిగితే, అప్పటి నాయకుడు మోషే మొదట మండిపడ్డాడు. మీ అన్నదమ్ములు యుద్ధానికి పోతుంటే మీరిక్కడ కూర్చుంటారా అన్నది ఆయన కోపం. చివరికి ఒక షరతు మీద ఒప్పందం కుదిరింది. ఆడవాళ్లను, పిల్లలను, మందలను ఇక్కడ ఉంచి, మగవాళ్లు ఆయుధాలు కట్టి ముందు నడవాలి, అందరికీ వాటాలు దక్కాకే తిరిగి రావాలి. మనష్షేలో సగం కూడా వీళ్లతో చేరింది.

రెండో దశ నది దాటాక, గిల్గాలు మకాంలో మొదలైంది. యూదాకు, యోసేపు సంతతికి వాటాలు తేలింది ఈ దశలోనే. ఎనభై అయిదేళ్ల కాలేబు వచ్చి, మోషే తనకు మాట ఇచ్చాడని గుర్తుచేసి హెబ్రోను కొండ ప్రాంతం అడిగి తీసుకున్నదీ ఇక్కడే. అంటే అంతా చీట్ల మీదే నడవలేదు. పాత మాటలూ చెల్లాయి.

ఆ తర్వాత పని ఆగిపోయింది. ఏడు గోత్రాలు ఇంకా వాటా లేకుండా ఉన్నాయి. మకాం షిలోహుకు మారాక, మోషే తర్వాత నాయకుడైన యెహోషువ వాళ్లను గట్టిగానే మందలించాడు, ఇంకెన్నాళ్లు కాలయాపన చేస్తారని. ఒక్కో గోత్రం నుంచి ముగ్గురు చొప్పున మనుషులను పంపించి దేశమంతా తిరిగి రమ్మన్నాడు. వాళ్లు పట్టణాల వారీగా ఏడు భాగాలుగా గ్రంథంలో రాసుకొచ్చారు. ఆ రాత ఎదురుగా పెట్టుకుని, ప్రత్యక్షపు గుడారం ముంగిట చీట్లు వేశారు. మొదటి చీటి బెన్యామీనుకు, తర్వాత షిమ్యోను, జెబూలూను, ఇశ్శాఖారు, ఆషేరు, నఫ్తాలి, చివరి చీటి దానుకు. అందరికీ పంచాక యెహోషువ తన కోసం ఎఫ్రాయిము కొండల్లో తిమ్నత్సెరహు అనే ఒక్క ఊరు తీసుకున్నాడు.

చీటి వేసే ముందు సర్వే చేయడం నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే ఆసక్తి కలిగించే సంగతి. దైవనిర్ణయానికే వదిలేస్తే కొలత ఎందుకు? కొలతలోనే న్యాయం ఉంటే చీటి ఎందుకు? పాత కాలపు వ్యాఖ్యాతలు తల పట్టుకున్నదీ ఇక్కడే.

చీటి ప్రకారమా, జనాభా ప్రకారమా

సంఖ్యాకాండం 26వ అధ్యాయంలో రెండు నియమాలు పక్కపక్కనే ఉన్నాయి. ఎక్కువమంది ఉన్నవాళ్లకు ఎక్కువ స్వాస్థ్యం (వారసత్వ భూమి), తక్కువమంది ఉన్నవాళ్లకు తక్కువ స్వాస్థ్యం ఇవ్వాలన్నది మొదటిది. చీట్లు వేసి పంచాలన్నది రెండోది. చీటికి జనాభా తెలియదు కదా, ఈ రెండూ ఎలా పొసుగుతాయి?

అదే అధ్యాయం ఇచ్చిన లెక్క తీసుకుందాం. ఇరవై ఏళ్లు దాటిన మగవాళ్లు మొత్తం 6,01,730. అందులో యూదా 76,500. దాను 64,400, ఇశ్శాఖారు 64,300, మనష్షే 52,700, ఎఫ్రాయిము 32,500. అందరికంటే చిన్నది షిమ్యోను, 22,200. అదే గ్రంథం మొదట్లో ఉన్న తొలి జనాభా లెక్కలో ఈ షిమ్యోనుకు 59,300 మంది ఉండేవాళ్లు. ఇంత జనం ఎడారిలో నిజంగా తిరిగారా అన్నది వేరే చర్చ. ఇక్కడ మనకు కావలసింది నిష్పత్తి.

జనాభా నియమం అక్షరాలా అమలైతే యూదాకు నూటికి పన్నెండున్నర పైన, షిమ్యోనుకు నాలుగు కంటే తక్కువ రావాలి. అంటే యూదా వాటా షిమ్యోను వాటాకు సుమారు మూడున్నర రెట్లు. పంచినదాన్ని బట్టి చూస్తే యూదాకు అంతకంటే చాలా ఎక్కువే దక్కింది. గ్రంథం కూడా ఆ మాట దాచలేదు. యూదా వాటా వాళ్లకు మించిపోయింది కాబట్టి షిమ్యోనుకు అందులోంచే ఊళ్లిచ్చారని 19వ అధ్యాయంలో ఉంది. అంటే ముందు పంచి, తర్వాత సర్దుబాటు చేశారు.

ఇక దాను. జనాభాలో యూదా తర్వాత స్థానం దానిదే. దక్కిందేమో తీరం వైపు ఇరుకైన పట్టీ, అదీ చేతిలో నిలవలేదు.

యోసేపు సంతతి ఫిర్యాదు ఇంకా రసవత్తరంగా ఉంటుంది. మేం ఇంతమందిమి ఉంటే ఒక్క చీటి, ఒక్క వంతే ఇస్తావా అని వాళ్లు యెహోషువను నిలదీశారు. మనష్షే, ఎఫ్రాయిము కలిపితే 85,200. యూదాను మించిన సంఖ్య. ఫిర్యాదులో పస ఉన్నట్టే ఉంది. అయితే మనష్షేలో సగం అప్పటికే తూర్పున వాటా తీసుకుంది. సరిగ్గా సగం అనుకుంటే పడమర మిగిలింది 26,350, ఎఫ్రాయిముతో కలిపి 58,850. అప్పుడది ఒంటరి దాను గోత్రం కంటే తక్కువ. యెహోషువ తనూ ఎఫ్రాయిము గోత్రీకుడే అయినా సొంతవాళ్లని మెత్తబడలేదు. అంత పెద్ద జనమైతే అడవి ఎక్కి నరుక్కుని చోటు చేసుకోండి అన్నాడు. కొండ చాలదు, కింద లోయల్లో ముందునుంచీ ఉంటున్న కనానీయులకు ఇనుప రథాలున్నాయని వాళ్లు జవాబిచ్చారు. అసలు అడ్డంకి ఏమిటో ఆ జవాబులోనే బయటపడింది. కాగితం మీద భూమి తక్కువేమీ కాదు, పారే నీళ్లూ మంచి నేలా ఉన్న బేత్షెయాను, యెజ్రెయేలు మైదానాలు ఇంకొకరి చేతిలో ఉన్నాయి.

రెండు నియమాలను కలపడానికి యూదు సంప్రదాయంలో చాలా కసరత్తు జరిగింది. యూదుల ధర్మచర్చల గ్రంథం తల్మూదు చెప్పే ప్రకారం రెండు పాత్రలు పెట్టారు. ఒకదాంట్లో గోత్రాల పేర్లు, ఇంకోదాంట్లో హద్దుల పేర్లు. యాజకుడు ఎలియాజరు, దేవుని నిర్ణయం తెలుసుకోవడానికి వాడే ఊరీము తుమ్మీము ధరించి ఏ గోత్రానికి ఏది వస్తుందో ముందే చెప్పాడు, చీట్లు అలాగే పడ్డాయి. ఆ లెక్కన చీటి ఎంచలేదు, ముందే తేలినదాన్ని అందరి కళ్లముందు ఖాయపరిచింది. 11వ శతాబ్దపు యూదు వ్యాఖ్యాత రాషీ పెద్ద గోత్రాలకు పెద్ద వాటాలే వచ్చాయన్నాడు. 13వ శతాబ్దపు నహ్మానిదీసు ఒప్పుకోలేదు. గోత్రాల మధ్య పన్నెండు వాటాలూ సమానమే, ఎక్కువ తక్కువల నియమం ఒక్కో గోత్రం లోపల కుటుంబాలకు వర్తిస్తుందన్నది ఆయన వాదన. ఏ ప్రాంతమో చీటి తేలుస్తుంది, ఆ ప్రాంతంలో ఎంత మేర అన్నది జనాభా తేలుస్తుంది అన్నది మరో వివరణ. షిమ్యోను ఉదాహరణ చూస్తే ఈ మూడోది నడిచిన తీరుకు దగ్గరగా ఉందనిపిస్తుంది.

హద్దు రాసిన తీరు

యూదా ఉత్తరపు హద్దు ఒకసారి దగ్గరగా చూద్దాం. యొర్దాను ఉప్పు సముద్రంలో (మృత సముద్రంలో) కలిసే చోట మొదలవుతుంది. బేత్హోగ్లా దాటి, బేత్‌అరాబాకు ఉత్తరంగా పోయి, రూబేనీయుడైన బోహను రాయి వరకు ఎక్కుతుంది. అదుమ్మీము ఎక్కుడుకు ఎదురుగా వెళ్లి, ఏన్షెమెషు నీళ్లు, ఏన్రోగేలు ఊట మీదుగా వచ్చి, హిన్నోము లోయలో దిగి, యెబూసీయుల దక్షిణపు వాలు పక్కగా కొండకొమ్ము ఎక్కి, నెఫ్తోయ నీటి ఊట వైపు తిరుగుతుంది. యెబూసీయులు అక్కడ ముందునుంచీ ఉన్న జనం, ఆ వాలే యెరూషలేము.

ఇందులో దూరాలు లేవు, కొలతలు లేవు. ఊట, రాయి, లోయ, ఎక్కుడు, కొండకొమ్ము. నడిచి చూసినవాళ్లు చెప్పే హద్దు ఇది. 18వ అధ్యాయంలో బెన్యామీను దక్షిణపు హద్దు వస్తుంది. అదే గీత, అవే ఊటలు, అదే బోహను రాయి, కాకపోతే పడమర నుంచి తూర్పుకు, వెనక్కి నడిచినట్టు. ఒక చోట మాత్రం పేరు కొద్దిగా మారుతుంది. యూదా జాబితాలో గిల్గాలు అని ఉన్నది ఇక్కడ గెలీలోతు అయింది. ఇరుగుపొరుగుల దస్తావేజులు రెండూ ఇంత దగ్గరగా సరిపోవడం చూస్తే, వీటి వెనుక ఎప్పటిదో ఒక నిజమైన హద్దుల వివరం ఉండి ఉంటుందని పండితుల్లో చాలామంది ఒప్పుకుంటారు.

అన్ని గోత్రాలకూ ఇంత వివరం లేదు. యూదాకు, బెన్యామీనుకు హద్దులూ ఉన్నాయి, ఊళ్ల జాబితాలూ ఉన్నాయి. కొండల నడిబొడ్డున ఉన్న ఎఫ్రాయిము, మనష్షేలకు హద్దులు చెప్పారు, పేరుపేరునా ఊళ్ల పట్టీ మాత్రం లేదు. షిమ్యోనుకు ఉత్త ఊళ్లే. యూదా దక్షిణపు ఊళ్ల జాబితా చివర మొత్తం ఇరవై తొమ్మిది అని రాసి ఉంది. లెక్కపెడితే ముప్పై దాటతాయి.

సరిహద్దు తగాదాలకు మచ్చుకు తప్పూయ చాలు. ఊరు ఎఫ్రాయిముది, ఆ ఊరి పొలాలేమో మనష్షేవి. 17వ అధ్యాయం ఈ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు పోతుంది. ఆ ఊరివాళ్లు పంట కోతలప్పుడు ఏం తిప్పలు పడ్డారో మనం ఊహించుకోవాల్సిందే.

గెజెరు ఎవరి ఊరు?

ఇప్పుడు పట్టా, పొజిషన్ల తేడా ఒక్క ఊరి మీద పెట్టి చూద్దాం. గెజెరు ఎఫ్రాయిము హద్దులోది. 21వ అధ్యాయం ప్రకారం దాన్ని లేవీయులకు ఇచ్చేశారు. భూమి వాటా లేని లేవీయులకు మిగతా గోత్రాలన్నీ కలిసి ఇచ్చిన 48 పట్టణాల్లో అదొకటి. అంటే కాగితాల్లో ఎఫ్రాయిముది, దానపత్రం లేవీయులది. 16వ అధ్యాయం చివరి వాక్యమేమో గెజెరులో ఉన్న కనానీయులను వెళ్లగొట్టలేదు, వాళ్లు ఎఫ్రాయిము నడుమ వెట్టిపని చేస్తూ ఉండిపోయారంటుంది. తరాలు గడిచాక, సొలొమోను కాలంలో, ఐగుప్తు (ఈజిప్టు) రాజు ఫరో గెజెరును పట్టుకుని తగలబెట్టి, తన కూతురికి కట్నంగా ఇచ్చాడని రాజుల మొదటి గ్రంథం చెబుతోంది. ఆ కూతురు సొలొమోను భార్య. అలా, ఎప్పుడో పట్టా ఇచ్చిన ఊరు మామగారి చేతుల మీదుగా ఇశ్రాయేలు రాజుకు వచ్చింది.

యెరూషలేము కథా ఇలాంటిదే. హద్దు హిన్నోము లోయ గుండా, ఊరికి దక్షిణంగా పోతుంది కాబట్టి ఊరు బెన్యామీను వాటాలో పడింది, జాబితాలోనూ అక్కడే ఉంది. యెబూసీయులను వెళ్లగొట్టలేకపోయింది ఎవరు? యెహోషువ 15 యూదావాళ్లంటుంది. న్యాయాధిపతుల గ్రంథం మొదటి అధ్యాయం ఒక చోట యూదావాళ్లు ఊరిని పట్టుకుని తగలబెట్టారని, ఇంకో చోట బెన్యామీనీయులు యెబూసీయులను వెళ్లగొట్టలేదని అంటుంది. రాజధానిగా దాన్ని తీసుకుంది చాలా తర్వాత దావీదు. ఆయనది యూదా గోత్రం.

గాజా యూదా ఊళ్ల జాబితాలో ఉంది. ఇంకా స్వాధీనం కాని, తీరంలో ఉండే ఫిలిష్తీయుల పట్టణాల జాబితాలోనూ ఉంది. న్యాయాధిపతుల గ్రంథంలో హీబ్రూ పాఠం యూదా గాజాను పట్టుకుందంటే, ప్రాచీన గ్రీకు అనువాదం స్వాధీనం చేసుకోలేదంటుంది. తర్వాతి వాక్యం మాత్రం రెంటిలోనూ ఒకటే చెబుతుంది: కొండ దక్కింది, మైదానం దక్కలేదు. కారణం ఇనుప రథాలని హీబ్రూ పాఠం అంటుంది.

పట్టా ఉండీ నేల పోగొట్టుకున్నది దాను. అమోరీయులు వాళ్లను మైదానంలోకి దిగనివ్వకుండా కొండల్లోకి నెట్టేశారు. జొర్యా, ఎష్తాయోలు ఊళ్ల నుంచి ఆరువందలమంది ఆయుధాలతో బయలుదేరి, ఉత్తరాన నిశ్చింతగా బతుకుతున్న లాయిషు మీద పడి, తగలబెట్టి, అక్కడే ఊరు కట్టుకుని దాను అని పేరు పెట్టుకున్నారు. ఈ కథ చెప్పిన న్యాయాధిపతుల గ్రంథకారుడు ఆ పనిని మెచ్చుకున్నట్టు ఎక్కడా కనిపించదు. పోరాడే శక్తి లేని, దగ్గర్లో ఆదుకునేవాడు లేని జనం అని లాయిషువాళ్ల గురించి ప్రత్యేకంగా రాశాడు. హెర్మోను కొండ పాదాల దగ్గరున్న తేల్ దాన్ అనే దిబ్బే ఆ ఊరు. అక్కడి తవ్వకాల్లో 1993లో "దావీదు ఇల్లు" అన్న మాటలున్న అరామిక్ శాసనం ముక్క దొరికింది.

కూతుళ్లు అడిగిన వాటా, ఓటిపెంకుల మీద దొరికిన పేర్లు

మనష్షే గోత్రంలో సెలోపెహాదు కొడుకులు లేకుండా చనిపోయాడు. అయిదుగురు కూతుళ్లు: మహలా, నోవా, హొగ్లా, మిల్కా, తిర్సా. కొడుకు లేడని మా నాన్న పేరు ఎందుకు చెరిగిపోవాలని వాళ్లు మోషే ముందుకు వచ్చి అడిగారు. అడిగింది న్యాయమేనని తీర్పు వచ్చింది. తర్వాత గోత్ర పెద్దలు అభ్యంతరం లేవదీశారు. వీళ్లు వేరే గోత్రంలో పెళ్లి చేసుకుంటే భూమి అటు పోదా అని. అప్పుడు షరతు వచ్చింది: పెళ్లి సొంత గోత్రంలోనే చేసుకోవాలి. హక్కు దక్కింది, దాంతోపాటు కట్టుబాటూ వచ్చింది. ఈ కథను స్త్రీల ఆస్తిహక్కుకు తొలి విజయంగా చెప్పేవాళ్లున్నారు, గోత్రం భూమిని కాపాడే ఏర్పాటు మాత్రమే అనేవాళ్లూ ఉన్నారు. రెండు అధ్యాయాలూ కలిపి చదివితే ఇద్దరి మాటలోనూ నిజం ఉంది.

ఈ పేర్లకు అనుకోని చోట సాక్ష్యం దొరికింది. 1910లో, ఒకప్పటి ఇశ్రాయేలు ఉత్తర రాజ్యపు రాజధాని సమరియా తవ్వకాల్లో క్రీ.పూ. 8వ శతాబ్దపు ఓటిపెంకులు బయటపడ్డాయి. నూనె, ద్రాక్షారసం రాజధానికి ఏ ప్రాంతం నుంచి వచ్చాయో సిరాతో రాసుకున్న చిట్టాలవి. వాటిలో అబీయెజెరు, షెమీదా లాంటి మనష్షే వంశాల పేర్లతోపాటు నోవా, హొగ్లా కూడా ప్రాంతాల పేర్లుగా కనిపించాయి. కథలో కూతుళ్లుగా ఉన్నవాళ్లు చిట్టాలో తాలూకాల పేర్లుగా ఉన్నారన్నమాట. ప్రాంతాల పేర్లకు తర్వాత కథ పుట్టిందా, మనుషుల పేర్లే ఊళ్లకు మిగిలాయా అన్నది పెంకులు చెప్పవు. మనష్షే లోపలి వాటాల పేర్లు ఒట్టి కల్పన కాదన్నంత వరకు మాత్రం అవి గట్టి సాక్ష్యమే.

భూమి చేతులు మారకూడదన్న పట్టింపు ఇక్కడితో ఆగలేదు. లేవీయకాండం ప్రకారం అమ్మిన పొలం యాభయ్యో ఏట, సునాద సంవత్సరంలో, పాత ఇంటివాళ్లకే తిరిగి వస్తుంది. అంటే అమ్మేది నేలను కాదు, మిగిలిన పంటల్ని. సునాదానికి ముప్పై ఏళ్లుంటే ఒక ధర, మూడేళ్లుంటే అందులో పదోవంతు. నాబోతు తన ద్రాక్షతోట అహాబు రాజుకు అమ్మననడం వెనుక ఉన్నదీ ఈ పిత్రార్జితపు పట్టుదలే. ఆ మాటకు అతడు ప్రాణం పోగొట్టుకున్నాడు.

ఈ జాబితాలు ఎప్పటివి?

సంప్రదాయ విశ్వాసుల దృష్టిలో ఇవి యెహోషువ కాలంలో రాసినవే. నడిచి చూస్తే తప్ప తెలియని వివరాలు, స్వాధీనం కాలేదని దాచకుండా ఒప్పుకున్న వాక్యాలు దానికి రుజువులని వాళ్లంటారు. కీర్తి కోసం కల్పించుకున్నవాళ్లు ఓటముల జాబితా ఎందుకు రాసుకుంటారన్నది వాళ్ల ప్రశ్న. తేలిగ్గా తీసేయదగ్గ ప్రశ్న కాదు.

జర్మన్ పండితుడు ఆల్బ్రెక్ట్ ఆల్ట్ 1920ల్లో జాబితాలను రెండుగా విడదీశాడు. హద్దుల వివరాలు రాజులు రాకముందు నాటివి, యూదా ఊళ్ల జాబితా మాత్రం క్రీ.పూ. 7వ శతాబ్దంలో యోషీయా రాజు పాలనా విభాగాల పట్టిక అన్నాడు. ఊళ్లను కొండ, మెట్ట, ఎడారి అంటూ గుంపులుగా విడగొట్టి, ప్రతి గుంపుకూ మొత్తం వేసిన తీరు పన్నుల రికార్డులాగే ఉందన్నది ఆయన వాదనకు బలం. ఆ జాబితాలోని ఏన్గెదీ దగ్గర తవ్వితే బయటపడ్డ ఇనుప యుగపు ఊరు కూడా ఆ శతాబ్దానిదే. తర్వాతివాళ్లలో కొందరు ఈ పట్టికను ఇంకా ముందు రాజుల కాలానికి జరిపారు. పన్నెండు గోత్రాలు ఒకే గుడి చుట్టూ చేరిన కూటమి అని మార్టిన్ నోత్ 1930లో కట్టిన సిద్ధాంతం కొన్ని దశాబ్దాలు రాజ్యమేలి, తర్వాత వెనకబడింది.

పురావస్తు తవ్వకాల సాక్ష్యం ఒకే వైపు మొగ్గదు. క్రీ.పూ. 1208 ప్రాంతంలో చెక్కిన ఫరో మెర్నెప్తా శాసనం కనానులో "ఇశ్రాయేలు" అనే జనం ఉన్నారని చెబుతోంది. కనానీయుల పట్టణం హాసోరు క్రీ.పూ. 13వ శతాబ్దంలో తగలబడింది. యెహోషువ పడగొట్టాడని గ్రంథం చెప్పే యెరికోలో మాత్రం 1950ల్లో తవ్విన కాథ్లీన్ కెన్యన్, అక్కడి పెద్ద ప్రాకారపట్టణం క్రీ.పూ. 1550 ప్రాంతంలోనే నాశనమైందని తేల్చింది. యెహోషువకు అది చాలా ముందు కాలం. క్రీ.పూ. 12, 11 శతాబ్దాల్లో కొండ ప్రాంతంలో కొత్తగా రెండు వందలకు పైగా చిన్న చిన్న ఊళ్లు వెలిశాయి. అవి దట్టంగా ఉన్నది ఎఫ్రాయిము, మనష్షే కొండల్లో. కొండ దక్కింది, మైదానం దక్కలేదన్న న్యాయాధిపతుల మాటకు ఈ చిత్రం బాగా సరిపోతుంది.

గోత్రాల లెక్క కూడా ఎప్పుడూ ఒకేలా లేదు. బైబిల్లోని అతి పాత పాటల్లో ఒకటని చాలామంది భావించే, న్యాయాధిపతుల గ్రంథంలోని దెబోరా పాటలో పది పేర్లే వస్తాయి. మనష్షే బదులు మాకీరు, గాదు బదులు గిలాదు. యూదా, షిమ్యోను, లేవి ఊసే లేదు. కాబట్టి పన్నెండు ముక్కల పటం ఒక్క రోజున ముద్రపడిన దస్తావేజు కాదు, ఎన్నో తరాల రికార్డులు ఒకదాని మీద ఒకటి పేరుకున్న ఫైలు అన్నది నాకు ఎక్కువ నమ్మదగినదిగా తోస్తుంది.

ఆ పటాన్ని నేటి పటం మీద పరిస్తే

రూబేను, గాదు వాటాలు నేటి జోర్డాన్‌లో పడతాయి. తూర్పు మనష్షే గోలాన్ మీదుగా సిరియాలోకి పోతుంది. ఆషేరు హద్దు సీదోను వరకు, అంటే లెబనాన్‌లోకి. ఎఫ్రాయిము, పడమటి మనష్షే, బెన్యామీను కొండలు చాలావరకు ఇవాళ వెస్ట్ బ్యాంక్ అని పిలిచే ప్రాంతం. ఆధునిక ఇజ్రాయెల్ జనాభా దట్టంగా ఉన్న తీరమైదానంలో కొంత దానుకు పట్టా ఇచ్చీ దక్కనిది, దక్షిణాన కొంత ఫిలిష్తీయులు ఏలినది. వెస్ట్ బ్యాంక్‌లో స్థిరపడిన మతనిష్ఠ గల యూదుల్లో కొందరు ఈ అధ్యాయాలను హక్కుపత్రంగా చదువుతారు. ఆ కొండల్లో తరతరాలుగా సేద్యం చేస్తున్న పాలస్తీనీయులకు తమ ఒలీవ తోటలే హక్కు. అంతర్జాతీయ న్యాయం ఈ జాబితాలను సరిహద్దులకు ఆధారంగా తీసుకోదు.

క్రీ.పూ. 722లో అష్షూరు (అస్సీరియా) ఇశ్రాయేలు ఉత్తర రాజ్యాన్ని కూల్చి జనాన్ని చెదరగొట్టాక, అక్కడి గోత్రాలు ఏమయ్యాయన్న వెతుకులాట మొదలైంది. అది మన దాకా వచ్చింది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిం అనే తెలుగు సమాజం ఉంది. తాము ఎఫ్రాయిము సంతతి అని చెప్పుకుంటారు, యూదు పండుగలు చేస్తారు, సబ్బాతు పాటిస్తారు. మణిపూర్, మిజోరంలలో బెనే మెనాషే వాళ్లు మనష్షే సంతతి అంటారు. వాళ్లను 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీల్లో ఒకరు గుర్తించారు, వేలమంది అక్కడికి వలస వెళ్లారు.

చెరలో గీసిన మరో పటం

బైబిల్లోనే ఇంకో పంపకం ఉంది, అది రంగుల పటాల్లో అరుదుగా కనిపిస్తుంది. యెరూషలేము కూలి, జనం బబులోను చెరలో ఉన్నప్పుడు యెహెజ్కేలు ప్రవక్త దేశాన్ని మళ్లీ పంచి చూపించాడు. గ్రంథం చివరి రెండు అధ్యాయాలు అవే. ఈసారి సర్దుబాట్లు లేవు, జనాభా లెక్కా లేదు. ఉత్తరాన దాను నుంచి దక్షిణాన గాదు వరకు, తూర్పు పడమరలుగా సాగే పట్టీలు, ఒకరికెంతో ఇంకొకరికీ అంతే. యోసేపుకు రెండు వంతులు. యొర్దానుకు తూర్పున ఎవరికీ ఏమీ లేదు. రూబేనును, గాదును పడమటికి తెచ్చేశాడు. యూదాను బెన్యామీనుకు ఉత్తరాన పెట్టాడు, అంటే పాత హద్దును తిరగేశాడు. నడుమ దేవాలయానికి, యాజకులకు, లేవీయులకు, అధిపతికి ప్రత్యేక భూమి. అధిపతి జనం స్వాస్థ్యాన్ని లాక్కోకూడదని షరతు కూడా పెట్టాడు. నాబోతు తోట సంగతి తెలిసినవాళ్లకు ఆ షరతు ఎందుకొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

యెహోషువ జాబితాల్లో ఎక్కడా లేని ఒక వాక్యం ఈ పంపకంలో ఉంది. మీ మధ్య నివసిస్తూ పిల్లలను కన్న పరదేశులను దేశంలో పుట్టినవాళ్లతో సమానంగా ఎంచాలి, వాళ్లు ఏ గోత్రం నడుమ ఉంటే ఆ గోత్రంలోనే వాళ్లకూ స్వాస్థ్యం ఇవ్వాలి. ఆ పంపకం ఎన్నడూ నేల మీద అమలు కాలేదు.